మూల గది మిద్దె

జమ్మలమడుగు,
14-4-1958.

రత్నమణి వాళ్ల అమ్మకు దయానందం రాసుకునేది.

ముందుగా నా రాతకు, తప్పులకు మన్నించాలి. మిషన్ బడిలో నాలుగో తరగతితో ఆపినవాణ్ని. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఈ వయసులో గుర్తు రావడం లేదు. బండలు చీల్చిన చేతిలో కలం నిలవడం లేదు. నీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. పేరు పెట్టి మొదలుపెట్టి, సిగ్గేసి ఆ కాగితం చించేసినాను. ఇంట్లో ఎన్నడూ పిలవని పేరు కాగితం మీద ఎట్లా పిలిచేది?

కార్డు రాస్తే పోస్టుమాను మొదలు పేటంతా చదువుతారని కవరు కొన్నాను. బిడ్డ పుట్టిందని అల్లుడి కార్డు అందింది. రత్నమణికి చదువు వచ్చు గాని పచ్చి బాలింత, పైగా నా మీద కోపంగా ఉంది. నా ఉత్తరం ముట్టుకుంటుందో లేదో. అందుకని అల్లుడి వాళ్ల పక్కింటి అఖ్తర్ బీ చేత చదివించుకో. అఖ్తర్ బీ, నీకు శ్రమ ఇస్తున్నానమ్మా.

కూతురి తొలి కాన్పు పుట్టింట్లో చేయాలని నాకు తెలియక కాదు. అల్లుడు వచ్చి, ఎప్పుడు పంపమంటారని అడిగిన రోజున నేను తల వంచుకొని, మిద్దె బాగలేదు, మూల గది కారుతోంది, కాన్పు మీ ఇంట్లోనే కానివ్వండి అన్నాను. "మిద్దెకేమొచ్చిందయ్యా, నిన్నటిదాకా బాగుండె గదా?" అని నువ్వు అల్లుడి ముందే అన్నావు. మరునాడు నువ్వు చేనికి పోయినప్పుడు నేను పైకెక్కి, మూల గది మీద వాన దిగకుండా మెత్తిన చౌడు మట్టి తవ్వి, బండలు ఎత్తి కిందికి దించినాను. నా చేతులతో నేను పరిచిన బండలే. నువ్వు తిరిగి వచ్చేసరికి గదిలో ఎండ పడుతోంది. నువ్వు మూట కట్టుకొని, కాన్పుకు నువ్వే పోవాలని అల్లుడి ఊరు పులివెందుల బస్సు ఎక్కినావు. బస్సు కదిలేదాకా కిటికీ వైపు తిరగలేదు.

ఆ మిద్దెకు ఏ రోగమూ లేదు. రోగం నాకు.

క్రిస్మసు ముందు నుంచి దగ్గుతున్నాను గదా. బండల దుమ్ము అని నీతో అన్నాను, నేనూ అట్లే అనుకున్నాను. చలి పోయినాక ఒకనాడు గనిలో దగ్గితే నోట్లో నుంచి నెత్తురు పడింది. నల్ల బండ మీద కనపడదులే అనుకున్నాను. కనపడింది. నీళ్లు పోసి కడిగి, ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి పోయినాను. క్షయ అన్నారు. పుట్టబోయే బిడ్డను ఆ గదిలో, నా దగ్గు పక్కన పెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు. నోరు తెరిచి చెప్పడం చేతకాలేదు. మిద్దె విప్పడం చేతనైంది.

అఖ్తర్ బీ, పైన రాసిన ముక్క మెల్లగా చదువమ్మా. మా వియ్యపురాలి చెవిన పడకూడదు.

ఇప్పుడు నిన్ను అడగాల్సిన సంగతి. ఆసుపత్రికి ఇందుమతి అని నెల్లూరు వైపు డాక్టరమ్మ కొత్తగా వచ్చింది. క్షయ మందు మీద ఒక పరీక్ష పెడుతున్నారంట. ఒప్పుకున్నవాళ్లను రెండు జట్లు చేస్తారు. ఏ జట్టుకైనా మందు ఒకటే, ఏడాది పాటు రోజూ బిళ్లలు మింగాలి. ఒక జట్టు ఆసుపత్రి వెనక షెడ్డులో మంచం మీద ఉండాలి. ఇంకో జట్టు వాళ్లవాళ్ల ఇండ్లలోనే ఉండాలి. ఎవరు ఏ జట్టో మూసిన కవర్లలో చీటీలు పెట్టి ఉన్నాయి. సంతకం పెట్టినాకనే కవరు విప్పుతారు. నాకు కావలసింది ఎంచుకునేందుకు లేదు. ఇష్టం లేకుంటే మానుకోవచ్చు, కోపం ఏమీ లేదంట. మానుకుంటే షెడ్డులో మంచం ఖాళీ అయ్యేదాకా వరసలో ఆగాలి, మందు వచ్చినప్పుడు ఇస్తారు.

"ఇంట్లో ఉంటే ఇంటోళ్లకు అంటుకోదా తల్లీ?" అని అడిగినాను.

"అదే మాకింకా సరిగ్గా తెలీదు దయానందం గారూ. తెలుసుకోవడానికే ఈ పరీక్ష" అంది.

నన్ను గారూ అన్నది ఆమే మొదలు. తెలీదు అనే మాట డాక్టరు నోట వినడం కూడా ఇదే మొదలు. అది విన్నప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. గనికి బయలుదేరి ఆసుపత్రి గేటు దగ్గరికి పోతున్నాను, గేటు దగ్గర నుంచి మళ్లీ ఇంటికి వస్తున్నాను. ఇంట్లో ఎవరెవరు ఉంటారని కూడా ఆమె అడిగింది. ఒక్కణ్నే అన్నాను. నువ్వు ఊళ్లో లేవు గదా.

షెడ్డు అని వస్తే బాగే. ఇల్లు అని వస్తే ఏం చేయాలి? నువ్వు తిరిగి రావాల్సిన ఇల్లు, రేపు రత్నమణి బిడ్డను ఎత్తుకొని రావాల్సిన ఇల్లు. ఒప్పుకోవాలా, మానుకోవాలా, నీ మాట రాయించు.

ఇట్లు,
నీ దయానందం
(నీ అని రాసినందుకు ఏమీ అనుకోవద్దు.)


జమ్మలమడుగు,
23-4-1958.

రత్నమణి వాళ్ల అమ్మకు,

నీ దగ్గర నుంచి జాబు రాలేదు. పోస్టుమాను సైకిలు గంట వినిపించినప్పుడల్లా వాకిట్లోకి వస్తున్నాను. "నీకేం లేదు పెద్దాయనా" అని ఆపకుండా పోతున్నాడు. ఇప్పుడు నేను వాకిట్లోకి రాకముందే వీధి మొదట్లో నుంచే చెయ్యి ఊపుతున్నాడు. నీకు కోపం ఉండవచ్చు. ఉన్నా ఒక మాట రాయించు.

పక్కింటి గోవిందమ్మ గోడ మీద నుంచి తల పెట్టి, "ఏమప్పా దయానందం, కూతురికి కాన్పు చేసేదానికి భయపడి మిద్దె కూల్చుకున్నావంటనే!" అని నవ్వింది. ఆమె ఎగతాళికి అన్నది. నిజం అదేనని తెలిస్తే ఆ నవ్వు ఏమవుతుందో. నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. కూర్చోలేక మళ్లీ లేచినాను. ఈ ఉత్తరం కూడా పొద్దున సగం రాసి, చేను దాకా నడిచి వచ్చి, మిగతా సగం రాస్తున్నాను.

నన్ను తినేస్తున్నది ఆ చీటీ. మన మిషన్ గుడిలో కోతల పండుగ నడిపే పెద్ద ఎవరో చీటీ వేసి ఎంచుకుంటాం గదా. ప్రార్థన చేసి, కళ్లు మూసుకొని చీటీ తీసినాక అది దేవుని మాట. ఎంతటివాడైనా కాదనేందుకు లేదు. పోయిన యేడు నా పేరు వచ్చింది. నలుగురిలో నోరు పెగలనివాణ్ని, అందరి ముందర నిలబడి వాక్యం చదవాల్సి వచ్చింది. ఒకే వాక్యం రెండుసార్లు చదివేస్తే నువ్వు ఆడవాళ్ల వరసలో నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వినావు. నాకు కనిపించింది. అంత సిగ్గు పడినా కాదనలేదు, చీటీ గనుక. ఇప్పుడు ఆ కవరులో ఇల్లు అని వస్తే అది కూడా కాదనలేను. అందుకే కవరు ముట్టడానికి భయం.

మొన్న పోయి డాక్టరమ్మను అడిగినాను. "కవరు విప్పేముందు ప్రార్థన చేస్తారా తల్లీ?"

ఆమె నవ్వలేదు. "మీరు చేసుకోవచ్చు. మేము చెయ్యం" అంది.

"అయితే నేను యాడుండాల్నో ఎంచేది ఎవరు?"

"ఎవరూ ఎంచరు. మద్రాసులో అంకెల పట్టిక చూసి కవర్లు కట్టారు. లోపల ఏముందో నాకూ తెలీదు. నేనే ఎంచితే, బాగా జబ్బుగా ఉన్నవాళ్ల మీద జాలిపడి అందరినీ షెడ్డులోకి తోసేస్తాను. అప్పుడు ఏది మంచిదో ఎప్పటికీ తెలియదు."

"ఎవరూ ఎంచకుండా చీటీలోకి మాట ఎట్లా వస్తాది తల్లీ?"

"అది మీ గుడిలో పెద్దలను అడగాల్సిన ప్రశ్న దయానందం గారూ" అంది. మంచి మనిషి. కానీ నాకు నిమ్మళం దొరకలేదు. దేవుడు ఎంచితే తల వంచుతాను. డాక్టరు ఎంచితే నమ్ముతాను. ఎవరూ ఎంచని దానికి నా ఇంటిని ఎట్లా అప్పజెప్పేది?

గుడిలో పెద్ద కృపావరం దగ్గరికి పోయినాను. రోగం సంగతి చెప్పకుండా, ఊరికే అడిగినట్లు, "ప్రార్థన చేయని చీటీకి కూడా తల వంచాల్నా మామా?" అన్నాను. "ఏందప్పా, పేకాట ఆడతాండావా ఈ వయసులో?" అని కసిరినాడు. లేచి వచ్చినాను.

ఇంక ఇట్లా అనుకుంటున్నాను. నేను ఒప్పుకోను. సోమవారం పోయి ఆమెకు ఆ మాట చెప్పేస్తాను. మంచం ఖాళీ అయ్యేదాకా గని పక్కన పనివాళ్ల గుడిసె ఒకటి ఖాళీగా ఉంది, అందులో ఉంటాను. మందు దొరికితే మింగుతాను. లేకుంటే లేదు. నువ్వు వచ్చి ఇంట్లో ఉండు. మిద్దె కప్పడానికి మనిషిని మాట్లాడతాను. రత్నమణిని, బిడ్డను పిలిపించుకో. వాళ్లు వచ్చినప్పుడు నేను దూరంగా, చింతచెట్టు దగ్గర నిలబడి చూసి పోతాను. బిడ్డ ఎవరి పోలికో ఎవరూ రాయలేదు.

ఇట్లు,
దయానందం


పులివెందుల,
26-4-1958.

రత్నమణి నాయనకు, సరోజమ్మ చెప్తాంటే అఖ్తర్ బీ రాసేది.

మామా, సలాం. ముందు నా మాట. ముక్క మెల్లగా చదవమని మీరు ఆ ముక్క అయిపోయినాక రాసినారు. అప్పటికే నేను వాకిట్లో కూర్చొని గొంతెత్తి చదివేసినాను. మీ వియ్యపురాలు జొన్నలు చెరుగుతా చేట కింద పెట్టేసింది. తప్పు నాది కాదు మామా. ఇంక ఇక్కడి నుంచి అమ్మ మాటలు. చెప్పింది చెప్పినట్లే రాయాల, మంచిమాటలు కలపొద్దు అని గట్టిగా చెప్పింది.

ఏమయ్యా, నీ జాబులు రెండూ అందినాయి. వియ్యపురాలు ఇనింది. ఇంటే ఇననీ. వచ్చినకాడ నుంచి "మిద్దె లేని వియ్యపురాలు" అని నన్ను దెప్పుతాండె. ఆ పొద్దు నా పక్కన కూలబడి, "మా అన్న గూడా ఆ దగ్గుతోనే పాయె సరోజమ్మా" అనింది. మళ్లా దెప్పలేదు.

నీ తెలివికి ఏం చెప్పాల? బిడ్డకు అంటుకుంటాదని మిద్దె ఇప్పినావు. నీ పక్కన పండుకునేది ఎవరు? నీ కంచంలో మిగిలింది తినేది ఎవరు? నన్ను తెచ్చి పచ్చి బిడ్డ పక్కన పెట్టినావు గదయ్యా! కాన్పుకు పోతాంటే ఆపాల్సింది పోయి, బస్టాండు దాకా మూట మోసినావు. డాక్టరమ్మ అడిగితే ఒక్కణ్నే అన్నావంట. నేనేమన్నా గోడకు తగిలించిన దుప్పటినా?

నీ మొదటి జాబు చదివేటప్పుడు బిడ్డ నా ఒళ్లో ఉండె. క్షయ అనే మాట వచ్చినాక బిడ్డను తీసి రత్నమణి పక్కన పండబెట్టి బయటికొచ్చినా. మళ్లా ముట్టలేదు. తెల్లారి అల్లుణ్ని ఎంటబెట్టుకొని ప్రొద్దుటూరు పోయి ఎదకు ఎక్స్‌రే తీయించుకున్నా. రవిక ఇప్పమంటే చచ్చిపోవాలనిపించింది. తీసినోళ్లు మళ్లా రమ్మన్నారు, పెద్ద డాక్టరు చూసి చెప్పాలంట. అన్ని దినాలూ వసారాలో పండుకున్నా. లోపల బిడ్డ ఏడుస్తాంటే చెవులు మూసుకున్నా. "ఎత్తుకోమ్మా, ఎందుకు ఎత్తుకోవు" అని రత్నమణి ఏడ్చింది. దానికి అప్పుడు చెప్పినా, వాళ్ల నాయన సంగతి. మీ నాయన నిన్ను వద్దనుకోలేదే పిచ్చిదానా, చెప్పేదానికి నోరు లేక మిద్దె కూల్చుకున్నాడు అన్నా. అది నవ్విందో ఏడ్చిందో నాకు తెలీలేదు.

నిన్న పోతే చెప్పినారు. నా ఎదలో ఏమీ లేదంట, శుభ్రంగా ఉందంట. మూడు నెలలకు ఒకతూరి మళ్లా చూపించుకోమన్నారు. బిడ్డకు టీకా ఏసినారు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని బిడ్డను ఎత్తుకున్నా. జాబు అందుకే ఆలస్యం. కోపంతో కాదు. కోపమూ ఉంది అనుకో.

ఇంక నీ కవరు సంగతి. గుడిసెలో పండుకుంటావా? మందు లేకుండా దగ్గుకుంటా పండుకొని, చింతచెట్టు కాడ నిలబడి మనవరాల్ని చూసి పోతావా? ఎవరు నేర్పినారు నీకు ఈ మాటలు? తెలీదని చెప్పే డాక్టరు దొరికింది, సంతోషపడు. అన్నీ తెలుసన్నోళ్ల మందు మనం శానా తిన్నాం. ఒప్పుకో. షెడ్డు అని వస్తే నేను ఆడికే వస్తా. రోగుల ఇంటోళ్లు వండుకునే కాడ నేనూ ఒక పొయ్యి పెట్టుకుంటా. ఇల్లు అని వస్తే ఇంటికే వస్తా. నువ్వు యాడ పండుకోవాల్నో ఆ చీటీ చెప్తాదేమో. నేను యాడుండాల్నో అది చెప్పేది కాదు.

రత్నమణి ఒక మాట రాయమంటాంది. తొలి కాన్పు పుట్టింట్లో కాలేదు, పోనీ, తొలి అడుగు ఆడనే వేయిస్తానంటాంది. మందు ఏడాది అంటివి గదా. బిడ్డకూ అప్పటికి నడకొస్తాది. అంతదాకా దాన్ని నీ దగ్గరికి తీసుకురాము, నువ్వు అడగొద్దు.

బిడ్డ నీ పోలికే. నోరు తెరిచి ఏడ్చేది తక్కువ, ముడుచుకొని చూసేది ఎక్కువ.

సరోజమ్మ వేలిముద్ర.


జమ్మలమడుగు,
1-5-1958.

సరోజమ్మకు,

అఖ్తర్ బీ, ఈసారి ముందే రాస్తున్నాను. మొదటి నుంచి చివరిదాకా గట్టిగానే చదువమ్మా. మా వియ్యపురాల్ని కూడా పిలిచి కూర్చోబెట్టుకో.

నీ జాబు సోమవారం పొద్దున అందింది. ఒప్పుకోనని చెప్పడానికి ఆసుపత్రికి పోతున్నాను, దారిలో పోస్టుమాను సైకిలు దిగి చేతికిచ్చినాడు. ఆసుపత్రి గోడ పక్కన కూర్చొని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుకున్నాను. నువ్వు బిడ్డను దించి పోయినావన్న చోట నాకు అక్షరాలు నిలవలేదు. బిడ్డకు దూరంగా ఉండాలని నేను ఇంత చేసి, నా దగ్గును నీ మూటలో కట్టి పంపబోయినాను. చివరిదాకా చదివి, ఏమీ లేదంట అన్న మాట మళ్లీ మళ్లీ వెదుక్కొని చదువుకొని, అప్పుడు లేచినాను.

డాక్టరమ్మకు ముందు నీ సంగతి చెప్పినాను. "ఒక్కణ్నే అన్నారు కదా! ఆవిడ ఇప్పుడు ఎక్కడున్నారు?" అని అడిగింది. పసిబిడ్డ దగ్గర అనగానే కుర్చీలో నుంచి లేచింది. నీ జాబు చేతికిచ్చినాను. చదివి, మళ్లీ కూర్చొని, నీళ్లు తాగింది. "మీతో మాట్లాడడం కంటే మీ ఆవిడతో మాట్లాడడం తేలికలా ఉంది" అంది. నీ పేరు కూడా రాసుకుంది. నీకు మూడు నెలలకు ఒకసారి ఎక్స్‌రే ఇక్కడే తీస్తారంట.

తర్వాత అడిగింది, ఏమంటారు అని. సంతకం పెట్టినాను. వేలిముద్ర చాలన్నా సంతకమే పెట్టినాను. కళ్లు మూసుకొని నేను ప్రార్థన చేసుకునేదాకా ఆమె ఆగింది. కవరు చించింది. ఇల్లు అని ఉంది.

ఒప్పుకోనని చెప్పి అట్నుంచి అటే గని పక్క గుడిసెకు పోదామని పొద్దున కంచం, చెంబు, దుప్పటి మూట కట్టుకొని పోయినాను. మూట ఒళ్లో పెట్టుకొని అట్లే కూర్చున్నాను. "మార్చరా తల్లీ?" అన్నాను. "మార్చను. మార్చడానికి నాకూ హక్కు లేదు" అంది. నా మూట చూసి, "మీ ఇంట్లో గాలి, ఎండ బాగా వచ్చే గది ఏదైనా ఉందా?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఆసుపత్రిలో నవ్వడం తప్పేమో. "ఉంది తల్లీ. దానికి మిద్దె కూడా లేదు" అన్నాను.

మధ్యాహ్నం ఇల్లు చూడడానికి నర్సును పంపింది. మీనాక్షి అని చిన్నపిల్ల. మూల గదిలో నిలబడి పైకి చూసి, "ఇదెవరు ఇప్పినారు తాతా?" అంది. నేను నోరు తెరవకముందే గోడ మీద నుంచి గోవిందమ్మ, "ఇంకెవరు, ఆయప్పే! కూతురి కాన్పు తప్పించుకునేదానికి" అనింది. ఆ పిల్ల, "ఎందుకు ఇప్పినా మంచి పని చేసినావు తాతా. ఈడనే మంచం వేసుకో" అనింది. "మంచి పనా?" అనింది గోవిందమ్మ. అప్పుడు ఆమెకు రోగం సంగతి నేనే చెప్పినాను. ఎవరో చెప్పేలోపల నేనే చెప్పాలనిపించింది. చెప్పినాను సరోజమ్మా, నోటితోనే.

ఆమె గోడ దిగి పోయింది. ఇంక ఈ వైపు చూడదనుకున్నాను. మరునాడు పొద్దున మళ్లీ తల కనిపించింది. బిళ్లలు మింగేటప్పుడు ఎవరైనా చూడాలని నర్సు చెప్పిపోతే గోవిందమ్మ వినింది, నువ్వు వచ్చేదాకా ఆ పని తనదంట. గోడ అవతల నుంచే చూస్తుంది. "మింగినావా? యాదీ, నోరు తెరువు. నాలిక ఎత్తు" అంటుంది. పేటలో పోయేవాళ్లు నిలబడి చూస్తున్నారు. సిగ్గుతో సగం చచ్చిపోతున్నాను. మిగతా సగం మందు మింగుతోంది.

ఆ కవరులో మాట ఎవరు పెట్టినారో నాకు ఇప్పటికీ తెలియదు. దేవుడా, మద్రాసు అంకెలా, ఎవరూ కాదా. మంచం మీద వెల్లకిలా పడుకొని, విప్పిన చోట నుంచి ఆకాశం చూస్తూ అదే ఆలోచిస్తున్నాను. నిమ్మళం పూర్తిగా రాలేదు, అబద్ధం ఎందుకు. కానీ నువ్వు వస్తానన్న మాట ఎవరు ఎంచినారో మాత్రం తెలుసు. నేను వద్దంటే ఆగవు గనుక వద్దనను. రత్నమణికి చేయాల్సినవన్నీ చేసి, నిదానంగా రా. నీ మంచం ముందు గదిలో వేసినాను. నీ కంచం వేరే, నా కంచం వేరే. ఇది నా మాట కాదు, డాక్టరమ్మ మాట.

దించిన బండలు గోడకు ఆనించి పెట్టినాను. ఒకటీ పగలలేదు. వానలకు పైన ఈత చాపలు కడతాను. బిడ్డ నడిచి వచ్చే నాటికి బండలు మళ్లీ ఎక్కించి, చౌడు మట్టి వేసి మెత్తుతాను. మనిషిని పెట్టను. మందు పనిచేస్తే నేనే ఎక్కుతాను. నేను ఎక్కలేకపోతే మందు పనిచేయలేదని నీకూ డాక్టరమ్మకూ వేరే చెప్పాల్సిన పని లేదు.

రత్నమణికి చెప్పు, నాయన తొలి అడుగు మాట విన్నాడని.

నువ్వు ఏ రోజు, ఏ బస్సుకు దిగుతావో అఖ్తర్ బీ చేత తొందరగా రాయించు. స్టాండు దాకా వచ్చి, కొంచెం దూరంగా నిలబడతాను. ఈసారి కిటికీ వైపు తిరిగి కూర్చో. జాబు ఆలస్యం చేయవద్దు.

ఇట్లు,
నీ దయానందం